జమ ఎవరి పేర, ఖర్చు ఎవరి పేర

విశాఖలో, గాజువాకలో, అనకాపల్లిలో, పాడేరులో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న చిరంజీవులకు,



ఈమధ్య మీలో కొందరు నన్ను ఒకే మాట అడుగుతున్నారు. సుస్థిర ఆర్థికాభివృద్ధి, సోషల్ ఇన్నోవేషన్ అని పీజీ కోర్సులు వచ్చాయి, బెంగళూరులో ఉన్నాయి, హైదరాబాదులో ఉన్నాయి, పై దేశాల్లోనూ ఉన్నాయి, చదవొచ్చా తాతగారూ అని. ఇంట్లోవాళ్లు బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారనీ, మనసు మాత్రం ఇటు లాగుతోందనీ ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అందరికీ కలిపి రాద్దామని కూర్చున్నాను.

నేను ప్రొఫెసర్ని కాను. సహకార శాఖలో ఆడిటరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉమ్మడి విశాఖ జిల్లాలో జాలరి సంఘాల చిట్టాలు, చేనేత సంఘాల ఆవర్జాలు, పాల సంఘాల రసీదు పుస్తకాలు తిరగేస్తూ నా ఉద్యోగం గడిచిపోయింది. మీరు చదవబోయే సబ్జెక్టు నాకు ఆ పుస్తకాల్లోంచే తెలుసు. అందుకే నా సలహా కూడా ఆ కోణంలోంచే వస్తుంది.

చదవండి. కానీ అందులో ఏం నేర్చుకోవడానికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి.

1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నివేదిక గురించి, 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న పదిహేడు లక్ష్యాల గురించి మొదటి సెమిస్టరులోనే మీకు చెబుతారు. చెప్పాలి కూడా. నేను చెప్పదలచుకున్నది అంతకంటే చిన్న విషయం. ఏ అభివృద్ధి పనికైనా జమ ఉంటుంది, ఖర్చు ఉంటుంది. జమ ఒకరి పేర, ఖర్చు ఇంకొకరి పేర పడితే ఆ పని ఎంత గొప్పదైనా ఎక్కువ కాలం నిలవదు, నిలిచినా అన్యాయంగా నిలుస్తుంది. అలాగే ఏ కొత్త ఏర్పాటుకైనా ఒక సొంతదారు ఉంటాడు. ఆ సొంతదారెవరో, లెక్క అడిగే హక్కు ఎవరికుందో కనిపెట్టగలిగితే మీరు ఆ విద్య నేర్చినట్టే. దీనికి మన జిల్లాను మించిన పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు.

1933లో ఇక్కడ రేవు తెరిచినప్పుడు దాని ముఖ్యమైన పని మధ్య పరగణాల మాంగనీసును ఓడలకెక్కించడం. అరవైల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. బస్తర్‌లోని బైలడిలా ఇనుప ఖనిజం అరకు కొండల మీదుగా దిగివచ్చి ఇక్కణ్ణుంచి జపాను వెళ్లింది. మన కళ్లముందు నుంచి ఖనిజం వెళ్లిపోతుంటే, మనకో ఉక్కు కర్మాగారం కావాలని జనం అడిగారు. 1966లో అమృతరావుగారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం మీ తాతల నోట విన్నారు, మీ అమ్మానాన్నల నోట విన్నారు. 2021 జనవరిలో కర్మాగారాన్ని అమ్మేస్తామని కేంద్రం తీర్మానించాక కూర్మన్నపాలెంలో కార్మికుల నిరసన శిబిరంలోనూ విన్నారు.

ఇప్పుడు దాని జమాఖర్చులు చూడండి. జమ వైపు గాజువాక ఉంది. వేల కుటుంబాలకు పక్కా జీతం, పిల్లలకు చదువు, టిఫిన్ బండి మొదలుకొని లారీ యజమాని దాకా బతుకు. ఇది చిన్న జమ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఖర్చు వైపు అరవైకి పైగా ఊళ్లున్నాయి. ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్లకిచ్చిన పునరావాస కార్డును మనవాళ్లు ‘ఆర్ కార్డు’ అంటారు. దాన్ని చూపిస్తే ఉద్యోగమన్నారు. కొందరికి వచ్చింది. రాకుండానే కొందరికి వయసు దాటింది, ఇంకొందరు పోయారు, ఇవాళ మనవలు ఆ కార్డును బీరువాలో దాచుకున్నారు. కర్మాగారం బ్యాలెన్సు షీటులో ఆ కార్డులకు పద్దు లేదు. మీరు ఏ ఊళ్లో ఏ యూనివర్సిటీలో చదివినా సరే, థీసిస్‌కు అంశం దొరకలేదని అనకండి. ఆర్ కార్డు ఉన్న కుటుంబం మూడు తరాల్లో ఎక్కణ్ణుంచి ఎక్కడికి చేరిందో ఇల్లిల్లూ తిరిగి రాయండి. భూమి ఇచ్చినవాళ్లనూ, ఉద్యోగం దొరికినవాళ్లనూ, దొరకనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూపండి.

ఆ కర్మాగారం నష్టాల గురించి మాట్లాడేవాళ్లను ఇంకో లెక్క కూడా అడగాలి. ఏటా 73 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న ఈ ప్లాంటుకు సొంత ఇనుప గని లేదు. సొంత గనులున్న కంపెనీలు తవ్వుకున్న ధరకు వాడుకునే ఖనిజాన్ని ఇది బజారు ధరకు కొంటుంది. పైగా అప్పు, దాని మీద వడ్డీ. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. మంచిదే. కానీ ఖనిజం ధర మాట తేలకుండా ఇచ్చే డబ్బు ఎన్నాళ్లు నిలుస్తుందో లెక్క వేయగలవాళ్లు మనకు కావాలి. నినాదం ఇవ్వగలవాళ్లు మన దగ్గర ఎప్పుడూ ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. ఆ నినాదం పక్కన కూర్చుని టన్ను ఉక్కుకు ఎంత పడుతోందో పద్దు పద్దుగా విడదీసి కార్మికుడికీ, కలెక్టరుకూ, విలేఖరికీ ఒకేలా అర్థమయ్యేట్టు చెప్పగల మనిషి ఎక్కడున్నాడు? ఆ మనిషి మీలోంచి రావాలని నా కోరిక.

బొగ్గు లెక్క కూడా ఇందులోదే. బ్లాస్ట్ ఫర్నేసులో టన్ను ఉక్కు తీస్తే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. యూరప్ తన దేశాల్లోకి వచ్చే ఉక్కు మీద 2026 జనవరి నుంచి ఆ కర్బనానికి రుసుము విధిస్తోంది. వేల్స్‌లో పోర్ట్ టాల్బట్ అని మనలాగే రేవూ ఉక్కూ ఉన్న ఊరు ఉంది. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులు రెండూ 2024లో ఆరిపోయాయి. వాటి చోట కరెంటుతో నడిచే కొలిమి పెడుతున్నారు. గాలి శుభ్రపడుతుంది. రెండువేలకు పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ గాలి లాభం ప్రపంచానికి, ఆ ఉద్యోగాల నష్టం ఒక్క ఊరికి. మన గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ ఫర్నేసులకు కూడా ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అప్పటికి గాజువాక ఏం చేయాలి, కార్మికుడికి ఏ పని నేర్పాలి, మధ్యలో పదేళ్లు ఇల్లు ఎలా గడవాలి? మీ చదువు పేరులోని ‘సుస్థిర’, ‘ఆర్థిక’ అనే రెండు మాటలూ ఇక్కడ ఎదురెదురుగా నిలబడతాయి. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని మాట్లాడే పుస్తకం మీకు ఉపయోగపడదు.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో జరిగింది మీకు నేను చెప్పనక్కరలేదు, అప్పుడు మీరు స్కూల్లో ఉన్నారు. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో కదలకుండా నిల్వ ఉన్న రసాయనం లోపల వేడెక్కింది, దాన్ని చల్లార్చే ఏర్పాటు సరిపోలేదు, సైరన్ మోగలేదు. ఆడిటరుగా నేను దీన్ని ఇలా చదువుతాను: శీతలీకరణ మీద, నిర్వహణ మీద ఖర్చు తగ్గిన ప్రతిసారీ అది కంపెనీ పుస్తకంలో ఆదాగా పడుతుంది. ఆ ఆదా వల్ల పెరిగిన ప్రమాదం గోడ అవతల నిద్రపోతున్నవాళ్ల పేర పడుతుంది. వాళ్ల దగ్గర ఆ పుస్తకం లేదు. ట్యాంకు ఉష్ణోగ్రత ఎంతుందో అడిగే హక్కు వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. అలా అడిగే హక్కును ఊరికి ఎలా కల్పించాలి, ఆ అంకె రోజూ ఎక్కడ రాసి పెట్టాలి, ఎవరు చూడాలి? నన్నడిగితే సోషల్ ఇన్నోవేషన్ అన్న పేరుకు తగిన పని అది.

ఇక కొండలెక్కుదాం. ఇక్కడ చెప్పుకోవలసినది ఎక్కువుంది.

సోషల్ ఇన్నోవేషన్ అన్న మాట మన దాకా రాకముందే మన దగ్గర ఆ పని జరిగింది. 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పెట్టారు. చింతపండు, తేనె, కరక్కాయలు, కొండచీపుళ్లు మోసుకుని వారపు సంతకు దిగిన గిరిజనుడు షావుకారు చెప్పిన ధరకే అమ్ముకుని, షావుకారు చెప్పిన ధరకే ఉప్పు, బట్ట కొనుక్కునేవాడు. తూకం షావుకారుది, అప్పు షావుకారుది. ఆ రెండు చోట్లా జీసీసీ అడ్డంపడింది. సరుకు తానే కొన్నది, డిపోలు పెట్టి సామాను తానే అమ్మింది. లోపాలు లేవని అనను. సర్కారీ సంస్థకుండే జబ్బులు దానికీ ఉన్నాయి. అయినా ఆ ఏర్పాటులోని తెలివి ఎంత గొప్పదో గమనించండి. అటవీ ఉత్పత్తుల ధర ఒక్కటే సరిచేస్తే చాలదు, అప్పు ముడి విప్పితేగాని మనిషి సంతలో తల ఎత్తి బేరమాడలేడు అని డెబ్బై ఏళ్ల కిందటే ఎవరో గ్రహించారు.

తర్వాత 1997లో వచ్చిన ఒక తీర్పు. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన భూముల్లో ప్రభుత్వం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కి, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదన్న మన రాష్ట్ర చట్టం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని కోర్టు చెప్పింది. ‘సమత తీర్పు’ అని దేశమంతా న్యాయ విద్యార్థులు చదువుతారు. విశాఖలో ఎకనామిక్స్ చదివే పిల్లలకు మాత్రం దాని సంగతి తెలియకపోవడం చూస్తే బాధేస్తుంది. ఆ తీర్పులో ఇంకో మాటుంది. గనుల లాభంలో కనీసం ఇరవై శాతం ఆ ప్రాంతపు నీటికి, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పక్కన పెట్టాలన్నారు. జమ ఎక్కడ వేయాలో కోర్టే రాసి చూపింది.

ఇక కాఫీ. పోడు కొట్టుకునే కొండవాలుల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. పండు ఎర్రబడ్డాక ఏరడం నవంబరు నుంచి జోరందుకుంటుంది. అక్కడే రెండు దారులు. ఏరిన పండును అలాగే ఎండబెట్టి దళారికి అమ్మేస్తే డబ్బు త్వరగా చేతికొస్తుంది, తక్కువొస్తుంది. ఎర్రపండు మాత్రమే ఏరి, అదేరోజు తోలు తీయించి, పులియబెట్టి, కడిగి, ఆరబెడితే ధర మారిపోతుంది. కానీ యంత్రం కావాలి, నీళ్లు కావాలి, నాణ్యత చూసే మనిషి కావాలి, అన్నిటికీ మించి డబ్బు వచ్చేదాకా ఆగే శక్తి కావాలి. ఒంటరి రైతుకు ఇవన్నీ అసాధ్యం. నాంది ఫౌండేషన్ తోడు నిలవగా అరకు రైతులు చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం కట్టుకున్నారు. 2017లో ఆ కాఫీ పారిస్‌లో దుకాణం తెరిచింది, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పత్రికలు పారిస్ గురించి రాశాయి. నా కన్ను మాత్రం సంఘం పేరులో ఉన్న ‘పరస్పర సహాయ’ అన్నదాని మీద పడింది. ఆ మాట 1995 నాటి చట్టానిది. అంతకు ముందు సహకార సంఘాల పాలకవర్గాన్ని ప్రభుత్వం ఎప్పుడు కావాలంటే అప్పుడు రద్దు చేయగలిగేది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోకుండా సభ్యులే పూర్తి సొంతదారులుగా నడుపుకునే వీలు దేశంలో మొదట కల్పించింది మన ఆంధ్రప్రదేశే. మీ కోర్సుల్లో బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు పాఠం తప్పకుండా ఉంటుంది. ఈ చట్టం ఉంటుందో లేదో చూడండి. లేకపోతే మీరే అడిగి చెప్పించుకోండి.

ఏటికొప్పాక వెళ్లారా? అనకాపల్లి జిల్లా, వరాహ నది ఒడ్డు. లేత్ మీద అంకుడు కర్ర తిరుగుతూ ఉంటుంది. కళాకారుడు రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తాడు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకు ముక్కతో ఒత్తి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఒకప్పుడు రసాయన రంగులు వాడేవాళ్లు. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు సీసం కలిసిన రంగు పనికిరాదని పై దేశాల వాళ్లు కొనడం మానేస్తే ఊరి వృత్తే పోయేది. సి.వి.రాజుగారు పసుపు, జాఫ్రా గింజలు, నీలి, కరక్కాయ లాంటి వాటితో రంగులు తీసే పద్ధతులు వెతికారు, పాతవి తవ్వితీశారు, కొత్తవి కట్టారు. వాటిని తన ఒక్కరి రహస్యంగా ఉంచుకోకుండా కళాకారులందరికీ నేర్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఊరి కష్టం రంగు కాదు, కర్ర. అంకుడు చెట్లు తగ్గిపోయాయి. అడవిని కాపాడేవాళ్లకూ బొమ్మలు చేసేవాళ్లకూ కలిపి ఒక ఏర్పాటు కావాలి. ఎవరి భూమిలో నాటాలి, ఎన్నేళ్లకు కొట్టాలి, కొట్టిన కర్ర ఎవరికి ఎంత? ఎలినార్ ఆస్ట్రం అనే అమెరికన్ ఆమెకు 2009లో అర్థశాస్త్రం నోబెల్ ఇచ్చింది సరిగ్గా ఇలాంటి ప్రశ్నల మీద పనిచేసినందుకే. ఉమ్మడి వనరును వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని చేపల రేవులు, కాలువలు, అడవులు తిరిగి చూసి రాసింది. ఆమె పుస్తకం పట్టుకుని ఏటికొప్పాకలో ఒక వేసవి గడపండి.

ఆ ఊరిదే ఇంకో కథ కూడా ఉంది, దుఃఖం కలిగించేది. స్వాతంత్ర్యానికి ముందే అక్కడి రైతులు కలిసి సహకార చక్కెర మిల్లు పెట్టుకున్నారు. దేశంలో తొలితరం సహకార చక్కెర మిల్లుల్లో అదొకటి. ఇవాళ మూతబడింది. అదే ఊళ్లో బొమ్మ బతికింది, పంచదార పోయింది. ఎందుకు? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు, అందుకే ఇది పీజీ చదువుకు తగిన ప్రశ్న.

సొంతదారు మారితే మంచి ఆలోచన కూడా ఎలా మారిపోతుందో మన రాష్ట్రమే చూసింది. డ్వాక్రా సంఘంలో పది పదిహేను మంది ఆడవాళ్లు వారం వారం కూర్చుని పొదుపు చేసి, ఎవరికి ముందు అప్పు కావాలో తామే తేల్చుకునేవారు. ఆ గుంపు పద్ధతినే, ఆ పూచీకత్తునే తీసుకుని సూక్ష్మరుణ కంపెనీలు పల్లెల్లోకి వచ్చాయి. పద్ధతి అదే, వడ్డీ వెళ్లే జేబు వేరు. ఒకే ఇంటికి నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి. 2010 ఆగస్టులో ఒక పెద్ద కంపెనీ షేర్ మార్కెట్టుకెక్కింది. అదే ఏడు అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల మధ్య, ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. రెండు నెలల తేడా. మరోవైపు 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయం ఆ మహిళా సంఘాల మీదుగానే ఊరూరా పాకింది, 2024లో గుల్బెంకియన్ బహుమతి అందుకుంది. రెండింటికీ దారి ఒకటే, ఆడవాళ్ల సంఘం. ఆ సంఘం ఒకచోట వసూలు సాధనమైంది, ఇంకోచోట నేర్చుకునే బడి అయింది.

నా కళ్లారా చూసిన ఒక సభ సంగతి చెబుతాను. భీమిలి వైపు ఒక పేటలో చేపలమ్ముకునే ఆడవాళ్ల సంఘం ఉండేది. తెల్లవారకముందే రేవులో వేలం పాడి, గంపలకెత్తుకుని, ఆటో మాట్లాడుకుని బజారుకు పోయేవాళ్లు. సంఘం లేనప్పుడు, పొద్దున తొమ్మిదివందలు చేతిలో పెట్టి వెయ్యి రాసుకునే రోజు వడ్డీ మీద బతికారు. సంఘం వచ్చాక ఆ అప్పు తగ్గింది, ఐసు కూడా సంఘమే కొని ఇచ్చేది. ఆ ఏడు మహాజన సభలో లెక్కలు చదువుతుంటే అక్షరం ముక్క రాని ఒక పెద్దావిడ లేచింది. “ఐసు దిమ్మ ధర మళ్లీ చదువు బాబూ” అంది. చదివారు. “ఫ్యాక్టరీ దగ్గర నేను కొన్నప్పుడు ఇంతకంటే తక్కువే, మనం వంద దిమ్మలు కొంటే ఎక్కువెలాగయింది?” అంది. సభ అంతా ఆమెవైపు తిరిగింది. మధ్యలో ఒక మనిషి ఉన్నాడని తేలింది. తర్వాతి నెల నుంచి సంఘం నేరుగా కొన్నది. నేను ఆడిట్‌లో రసీదులు సరిపోయాయో లేదో చూశాను, సరిపోయాయి. ధర ఎక్కువని పట్టుకోవడం ఆవిడకే చేతనయింది, ఎందుకంటే ఆ డబ్బు ఆవిడది, లేచి అడిగే చోటు ఆవిడకుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఆ పెద్దావిడను గుర్తుపెట్టుకోండి. ఆమె పక్కన కూర్చునేందుకు తయారుచేసే కోర్సు ఏదో చూడండి. అకౌంట్స్ తప్పనిసరిగా చెప్పాలి. బ్యాలెన్సు షీటు చదవలేని అభివృద్ధి నిపుణుణ్ణి ఏ గుమస్తా అయినా మోసం చేయగలడు. గణాంకాలు చెప్పాలి, సర్వేలో ఎవర్ని వదిలేశారో కనిపెట్టడం చెప్పాలి. చట్టాలు చెప్పాలి: షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల మీద 1996 పెసా, 2005 సమాచార హక్కు, 2006 అటవీ హక్కులు. నెలల తరబడి ఊళ్లో ఉంచాలి, వారం రోజుల టూరు చాలదు. కొత్త ఐడియాకు ప్రైజులిచ్చి, ప్రాజెక్టు డబ్బు అయిపోయాక ఎవరు నడుపుతారని అడగని చోటు మీకు వద్దు.

చదివే చోట్ల మాటకొస్తే, గుజరాత్‌లోని ఆనందులో కురియన్ పెట్టిన ఇర్మా ఉంది, 2025 నుంచి అది త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంలో భాగం. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. హైదరాబాదులో టిస్ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. దాని ఆగ్రో ఎకనామిక్ రీసెర్చ్ సెంటర్‌లో ఎన్నో ఊళ్ల అధ్యయనాలు పడి ఉన్నాయి. పై చదువుకు ఎక్కడికెళ్లినా ముందు డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయంలో పాత థీసిస్‌లు తిరగేయండి. మీ ఊరి మీద ఒకటైనా దొరకొచ్చు.

పై దేశాల్లో హేగ్‌లోని ఐఎస్ఎస్, ససెక్స్‌లోని ఐడీఎస్ ఈ చదువుకు పాత, మంచి చోట్లు. వెళ్లండి, కానీ అప్పు చేసి వెళ్లకండి. లెక్క చూడండి: ముప్పై లక్షల అప్పు, పదకొండు శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెల వాయిదా నలభై ఒక్కవేలు దాటుతుంది. ఈ రంగంలో మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు. ఆ వాయిదా కట్టడానికి మీరు ఊరు వదిలి కన్సల్టెన్సీలో చేరవలసివస్తే, ఎందుకు చదివారో ఆ పనే చేయలేరు. స్కాలర్‌షిప్పులున్నాయి. చీవ్నింగ్, కామన్వెల్త్, ఎరాస్మస్ ముండస్, ఎస్సీ ఎస్టీ పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. చీవ్నింగ్ వాళ్లు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, నాకది సరైన షరతే అనిపిస్తుంది. డిగ్రీ అవగానే పరుగెత్తకుండా రెండేళ్లు ఇక్కడ పనిచేయండి. మండల సమాఖ్యలోనో, రైతు సంఘంలోనో, పాడేరు వైపు ఏ సంస్థలోనో. కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ నాలుగు మాటలు నేర్చుకోండి. అప్పుడు చదివే పుస్తకం వేరుగా అర్థమవుతుంది.

అమ్మానాన్నల భయాన్ని తీసిపారేయకండి. వాళ్లు లెక్క చూసే భయపడుతున్నారు. పైన నేను రాసినట్టే మీ ఫీజు, వాయిదా, జీతం కాగితం మీద రాసి వాళ్ల ముందు పెట్టండి. కళ్లనీళ్ల కంటే అది త్వరగా పనిచేస్తుంది.

వచ్చే పదేళ్లలో ఈ ఊరికి రాబోతున్నవి చూస్తే మిమ్మల్ని తొందరపెట్టాలనే అనిపిస్తుంది. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన అయింది, పెట్టుబడి 1,85,000 కోట్లంటున్నారు. అదే ఏడు అక్టోబరులో గూగుల్ విశాఖలో ఏఐ డేటా సెంటర్లకు అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. రానివ్వండి, పని రావాలి. కానీ హైడ్రోజన్‌కు నీళ్లు కావాలి, డేటా సెంటరుకు కరెంటు, నీళ్లు కావాలి. ఈ ఊరి నీళ్లెక్కడివి? ఏలేరు కాలువలో 153 కిలోమీటర్లు నడిచి వస్తాయి. తాటిపూడి నుంచి, మేఘాద్రిగెడ్డ నుంచి వస్తాయి. రైవాడ నుంచి వస్తాయి. ఆ రైవాడ నీళ్లు మా పొలాలకు వదలండని దేవరాపల్లి, చోడవరం, కె.కోటపాడు రైతులు ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు. పూడిమడక జాలరుల పడవలు ఎక్కడ ఆగుతాయి, కొత్త ఉద్యోగానికి కావలసిన చదువు వాళ్ల పిల్లలకు ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నలు ఒప్పందాల మీద సంతకాలైపోయాక వేస్తే ఉపయోగం తక్కువ. ఇప్పుడే నీటి లెక్క, భూమి లెక్క, ఉద్యోగాల లెక్క మూడు వరుసల్లో రాసి, ఆ ఊళ్ల గ్రామసభల్లో తెలుగులో చదివి వినిపించేవాళ్లు కావాలి.

దరఖాస్తులో ‘ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు’ అని ఒక పేజీ రాయమంటారు. దాన్ని ఇంట్లో కూర్చుని రాయకండి. ముందు మీ దగ్గర్లో ఉన్న ఏదో ఒక సంఘం ఎంచుకోండి: పాల సంఘం, జాలరి సంఘం, డ్వాక్రా సమాఖ్య, ఏదైనా సరే. అధ్యక్షుణ్ణి అడిగి కిందటేడాది ఆడిట్ రిపోర్టు, మినిట్స్ పుస్తకం చూడండి. చాలామంది చూపిస్తారు, మీరు మర్యాదగా అడిగితే టీ కూడా ఇస్తారు. సభ్యుల్లో ముగ్గురితో మాట్లాడండి, అందులో ఒకరు సంఘం మానేసినవాళ్లై ఉండాలి. తర్వాత ఆ పేజీ రాసి, ఆడిట్ రిపోర్టు నకలుతో సహా నా దగ్గరికి తీసుకురండి. ఆదివారాలు పొద్దున ఇంట్లోనే ఉంటాను. వాటా ధనం, నికర లాభం, మొండి బకాయిల పద్దులు ఎలా చదవాలో కూర్చోబెట్టి చెబుతాను. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే ఇంకా మంచిది.

ఆశీస్సులతో,
మీ తాతగారు
విశాఖపట్నం